రేకుల గదికి లిఫ్టు

మావయ్య పోయిన నెలకి ఆయన పనిగది ఖాళీ చెయ్యడానికి వెళ్ళాను. తలుపు తీసీ తియ్యగానే పై అరలోంచి నలభై ఒక్క జతల పళ్ళు నన్ను చూసి నవ్వాయి. అన్నీ పూర్తయినవే. నున్నగా మెరుగుపెట్టి, ఒక్కో జత ఒక్కో డబ్బాలో, డబ్బాకి చీటీ అంటించి ఉన్నాయి. చీటీ మీద డాక్టరు పేరు, నోరున్న మనిషి పేరు, తేదీ. ఎవరూ వచ్చి తీసుకోలేదు. కొందరికి డబ్బు సర్దుబాటు కాలేదు. కొందరు పళ్ళు లేకుండానే అలవాటు పడిపోయారు. కొందరు ఈలోపు నమలడమనే బాధే లేని చోటికి వెళ్ళిపోయారు. చొక్కా అయితే ఇంకొకరు తొడుక్కుంటారు, చెప్పులైతే కాస్త బిగుతైనా లాగించేస్తారు. ఒకరి పళ్ళు ఇంకొకరికి పట్టవు. గంటసేపు వాటి ముందు కూర్చుని, ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చి, ఆ నవ్వుకి సిగ్గుపడి, మళ్ళీ తలుపు వేసి వచ్చేశాను.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. డాక్టరు కాదు, డాక్టర్లకి పనిచేసేవాడు. "వాళ్ళు నోట్లో చెయ్యి పెడతారు, నేను పిండిలో పెడతాను. కరిపించుకునే యోగం వాళ్ళకే" అనేవాడు. ఊళ్ళోని ఆరుగురు పళ్ళ డాక్టర్లు మనిషి నోటి అచ్చు తీసి పంపితే, దాంట్లో ప్లాస్టరు పోసి దవడ బొమ్మ చేసేవాడు. దాని మీద మైనం పరిచి, పళ్ళు గుచ్చి, తిరిగి డాక్టరుకి పంపేవాడు. ఆ మైనం సెట్టు నోట్లో సరిగ్గా కూర్చుందని కబురొస్తే, అప్పుడు మైనం కరిగించేసి, ఆ ఖాళీలో గులాబీరంగు ముద్ద నొక్కి, నీళ్ళలో ఉడికించి, చల్లారాక చక్రం మీద నునుపు చేసేవాడు. ఇదంతా సైకిల్ షాపు వెనక తొమ్మిదడుగులకి పదకొండడుగుల రేకుల గదిలో. స్పిరిట్ దీపం, కరిగిన మైనం, ఆ ముద్ద ఘాటు కలిసి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే వెనక్కి తిరిగి చూస్తాను.

ఆయన సొంత నోట్లో మాత్రం ముందు పళ్ళు రెండు లేవు. ఎవరైనా అడిగితే, "నా ఆర్డరు వరసలో ఉంది. నాది నేనే ముందు చేసేసుకుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా?" అనేవాడు. ఆ వరస ఆయన బతికున్నంత కాలం ముందుకు కదల్లేదు.

గోడకి మూడు అరలు. కింది అరలో ఉత్త అచ్చులు, నడిమి అరలో మైనం సెట్లు, పై అరలో పూర్తయినవి. చేతిలో ఎంత పనుందని డాక్టర్లు అడిగితే, "ఏ అర సంగతి అడుగుతున్నారు?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు. "కింది అరలోవి మాటలండీ. నడిమి అరలోవి పనులు. పై అరలోవి దిగుళ్ళు. మూడూ కలిపి చెబితే నాకంటే గిరాకీ ఉన్నవాడు ఊళ్ళో లేడు."

మా నాన్నకి ఈ మూడరల లెక్క ఎప్పుడూ తలకెక్కేది కాదు. నాన్న నీటి సరఫరా ఆఫీసులో మీటర్ల విభాగం చూసేవాడు. ఈ కథ జరిగిన ఏడే రిటైరయ్యాడు. కాగితం మీద అంకె ఉంటే అది ఉన్నట్టే ఆయనకి. బావా బావమరుదులు ఇద్దరూ ఒకరినొకరు ఆటపట్టించుకోకుండా ఒక పూట గడిపింది నేను చూడలేదు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది అప్పటికి. ఆదివారం నా సెలవు వాళ్ళ వాదనలకే సరిపోయేది.

సంగతి ఇది. మేం పద్దెనిమిదేళ్ళుగా అద్దెకుంటున్న ఇల్లు అమ్మకానికొచ్చింది. ఇంటాయన మంచివాడే. "ఇన్నాళ్ళున్నారు, ముందు మిమ్మల్నే అడుగుతున్నా. మా తమ్ముడి సంతకాలవీ వచ్చేసరికి ఎనిమిది నెలలు పడుతుంది. అప్పటికి డబ్బు చూసుకోండి, లేదంటే బయటివాళ్ళకిచ్చేస్తా" అన్నాడు. నాన్నకి రిటైరైనప్పుడొచ్చిన మొత్తం ఇంటి ధరకి సరిగ్గా సరిపోతుంది. అమ్మ ఆ రోజే మనసులో ఇల్లు కొనేసింది. నాన్న మాత్రం ఎనిమిది నెలలు డబ్బు ఊరికే పడుకోవడమేమిటని, దాన్ని లేపి పరిగెత్తించాలని నిర్ణయించుకున్నాడు.

పరిగెత్తించడానికి ఆయన ఎంచుకున్నది ఒక లిఫ్టుల కంపెనీ. దాంట్లో నాన్నకి అప్పటికే ఇరవై షేర్లున్నాయి. ఇరవై షేర్లకి ఏటా ఒక రంగుల పుస్తకం వచ్చేది. ఆ ఆదివారం పుస్తకం బల్ల మీద పరిచి, కళ్ళజోడు సవరించుకుని, మావయ్యని పిలిచాడు.

"ఇలా రారా, చూడు. చేతిలో ఉన్న ఆర్డర్లు ఆరువేల రెండొందలు. ఏడాదికి బిగించేవి వెయ్యి. అంటే ఆరేళ్ళకి సరిపడా పని. ఇవాళ్టి నుంచి ఒక్క కొత్త ఆర్డరు తీసుకోకపోయినా ఆరేళ్ళు కళ్ళు మూసుకుని బతికెయ్యొచ్చు."

"కళ్ళు మూసుకుని లిఫ్టులు ఎలా బిగిస్తారండీ?" అంది అమ్మ వంటింట్లోంచి.

"నువ్వుండవే. ఇది వ్యాపారం."

మావయ్య పుస్తకం తిరగేశాడు. "నా దగ్గరా ఏడు నెలల పనుంది బావా. నన్నెవరూ కొనరేం?"

"నిన్నెవడు కొంటాడ్రా, రెండు పళ్ళు తక్కువ సరుకుని!"

"సరేగానీ, నిరుడు చేతిలో ఎన్నున్నాయట?"

"నాలుగువేలు."

"నిరుడు బిగించినవి?"

నాన్న వెనక పేజీ వెతికాడు. "పదమూడొందలు."

"ఈ ఏడు వెయ్యి. అంటే బుట్ట పెరిగింది, చెయ్యి తగ్గింది."

"గిరాకీ పెరిగిందిరా మొద్దూ."

"గిరాకీ పెరిగినా బుట్ట నిండుతుంది, పనివాడు పడుకున్నా బుట్ట నిండుతుంది బావా. నాకు జ్వరమొచ్చి పదిహేను రోజులు మంచమెక్కినప్పుడు నా కింది అర చూశావుగా? పొంగి పొర్లింది. డాక్టర్లొచ్చి చూసి, అబ్బో ఏం గిరాకీ అన్నారు. ఇంకోటి. ఈ ఆరువేలల్లో అడ్వాన్సు ఇచ్చినవాళ్ళెందరు?"

"అది రాయలేదు."

"ధర ఎప్పుడు మాట్లాడుకున్నారు? ఆరేళ్ళ తర్వాత బిగించేదానికి ఇవాళ్టి రేటా? నేనట్లా ఒప్పుకుని ముద్ద పొడి రేటు పెరిగాక ఎన్నిసార్లు నాలిక్కరుచుకున్నానో అక్కనడుగు. అన్నిటికంటే పెద్ద సంగతేమిటంటే, చిగుళ్ళు ఆగవు బావా."

"చిగుళ్ళా?"

"అచ్చు తీసిన రోజు నోరు వేరు, ఆర్నెల్లయ్యాక నోరు వేరు. పళ్ళు పోయాక చిగురు అరుగుతూనే ఉంటుంది. ఆలస్యంగా చేసిస్తే ఆ సెట్టు నోట్లో కాదు, జేబులో పెట్టుకోవాలి. ఆరేళ్ళ కిందటి ఆర్డరంటే ఆరేళ్ళ కిందటి నోరన్నమాట."

"బిల్డింగులకి చిగుళ్ళుండవురా!"

"కట్టేవాళ్ళకుంటాయి."

నాన్న పుస్తకం మూసేశాడు. పళ్ళు చేసేవాడితో లిఫ్టుల గురించి మాట్లాడటం తన బుద్ధితక్కువ అన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలోకొచ్చి నిలబడింది. చేతిలో గరిట ఉంది. ఆఖరికి మావయ్య అన్నాడు: "మూడు నెలలాగు బావా. మూడు నెలలకోసారి వీళ్ళు లెక్క చెబుతారుగా, ఒక్కటి రానీ. ఆ బుట్టలోకి సరుకు ఎలా పడుతుందో నేను చూసొస్తా. అది చూశాక నువ్వేం చేసినా నోరెత్తను."

"నువ్వు నోరెత్తకుండా ఉండటం చూడాలంటే మూడు నెలలేం, ఆర్నెల్లైనా ఆగుతా" అన్నాడు నాన్న.

మావయ్య చూసొచ్చిన పద్ధతి ఏమిటంటే, తన రేకుల గదికి ఒక లిఫ్టు ఆర్డరిచ్చాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అమ్మ పంపిన క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. కంపెనీ తరఫున ఒకాయన వచ్చాడు. పక్క ఊరి నుంచి బస్సులో వచ్చినట్టున్నాడు, చొక్కా అంతా చెమట. మెడలో మాత్రం చిన్న చిన్న లిఫ్టుల బొమ్మలున్న టై. తర్వాత మా ఇంట్లో అందరం ఆయన్ని టైబాబు అనేవాళ్ళం. సైకిల్ షాపు ముందు నిలబడి పైకి చూశాడు. ఆకాశం తప్ప ఏమీ లేదు. చిరునామా కాగితం చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"బిల్డింగెక్కడండీ?"

"ఇదే" అన్నాడు మావయ్య, మైనం చేతులు తుడుచుకుంటూ. "కూర్చోండి. ఆ స్టూలు మీద దవడ ఉంది, కాస్త పక్కన పెట్టండి."

టైబాబు దవడని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పెట్టి, ఫారం తీశాడు. "ఎన్ని అంతస్తులండీ?"

"ఒకటి."

"అంటే కింద ఒకటి, పైన ఒకటి కదండీ?"

"కింద ఒకటే. పైన రేకు."

"మరి..." అని ఆయన కలం ఆపి, మావయ్య ముఖంలో నవ్వేమైనా ఉందేమోనని చూశాడు. మావయ్య నవ్వితే రెండు పళ్ళ ఖాళీ కనిపిస్తుంది. కనిపించలేదు. "పైన కట్టే ఉద్దేశం ఏమైనా ఉందాండీ?"

"ఉద్దేశానికేముంది, ఎన్నైనా ఉంటాయి."

టైబాబు ముఖం విప్పారింది. "అది చాలండీ" అని ఫారంలో 'కట్టబోయే అంతస్తులు' అన్న చోట 'ఎన్నైనా' అని రాశాడు. టేపు తీసి గది కొలిచాడు. కొలిచి దిగాలుగా అన్నాడు: "లిఫ్టు పెడితే సగం గది పోతుందండీ. మీరెక్కడ కూర్చుంటారు?"

"లిఫ్టులో."

"అదీ నిజమే. అడ్వాన్సు..."

మావయ్య ముందుకు వంగాడు. ఈ మాట కోసమే కదా ఇంత నాటకం.

"అడ్వాన్సు ఇప్పుడేం అక్కర్లేదండీ. అడిగితే కస్టమర్లు వెనక్కి తగ్గుతున్నారని తీసేశారు. సంతకం చాలు."

మావయ్య సంతకం చేశాడు. టైబాబు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "మా అమ్మకి కింది సెట్టు వదులైపోయిందండీ. తెస్తే చూస్తారా?" అని అడిగాడు. "తీసుకురండి. అచ్చు మాత్రం కొత్తగా తీయించండి" అన్నాడు మావయ్య. ఆయన నిజంగానే తెచ్చాడు. ఆ సెట్టు మావయ్య పదిరోజుల్లో చేసిచ్చాడు. లిఫ్టు మాత్రం రాలేదు.

మూడు నెలలకి లెక్క వచ్చింది. నాలుగు పేజీల కాగితం. రెండో పేజీలో దేశపటం, దాని మీద ఎర్రచుక్కలు. 'ఈ మూడు నెలల్లో ఏడు కొత్త ఊళ్ళలో అడుగుపెట్టాం' అని అధ్యక్షుడి మాట. ఆ ఏడింట్లో మా ఊరుంది. పక్కన బ్రాకెట్లో '1, బహుళ అంతస్తులు' అని ఉంది.

మావయ్య ఆ చుక్క మీద వేలు పెట్టాడు. "నేనే బావా. దేశపటమెక్కాను."

నాన్న ఆ చుక్కని దోమని చూసినట్టు చూశాడు. తర్వాత అన్నాడు: "అబద్ధం చెప్పింది నువ్వు. కంపెనీ కాదు. నువ్వు కోతివైతే ఊరంతా కోతులేనా?"

"నా అబద్ధాన్ని కొలిచి, సంతకం పెట్టించుకుని తీసుకెళ్ళారు బావా. గదికి పైకప్పు రేకని కళ్ళారా చూసి మరీ."

"మిగతా ఆరువేల పైచిలుకు మాటేమిటి?"

"అది నాకు తెలీదు. అందుకే నేనైతే కొనను."

ఇంత జరిగాక మావయ్యకి ఒక ఇబ్బంది వచ్చిపడింది. మనిషి మంచివాడు, టైబాబు అమ్మగారికి పళ్ళు చేసిచ్చాక ఆ కుటుంబాన్ని మోసం చేసినట్టనిపించింది. ఆర్డరు రద్దు చేద్దామని కంపెనీకి ఫోన్ చేశాడు. అటునుంచి ఒకమ్మాయి ఎంతో మర్యాదగా, "రద్దు చేసుకోవచ్చండీ. లిఫ్టు బిగించిన ముప్పై రోజుల్లోపల చెప్పండి" అంది.

"బిగించకముందు రద్దు చెయ్యాలంటేనమ్మా?"

"బిగించకముందు రద్దు చెయ్యడానికి లిఫ్టు లేదు కదండీ."

మావయ్య ఫోన్ పెట్టేసి, "ఈ పిల్ల చెప్పింది నిజమే. తప్పు పట్టలేకపోతున్నా" అన్నాడు.

నాన్న డబ్బు పెట్టలేదు, అలాగని ఊరుకోనూ లేదు. ఇంకో మూడు నెలలు చూస్తానన్నాడు. గడువుకి ఇంకా టైముంది. షేరు ధర వారం వారం పైకి పాకుతోంది. పేపరు రాగానే ఆ అంకె బయటికి చదివేవాడు, ఎవరూ వినకపోయినా. అమ్మ మాటలు తగ్గించి, షాపుల చుట్టూ తిరిగి ఖాళీ అట్టపెట్టెలు తేవడం మొదలుపెట్టింది. నడవలో పేర్చేది.

"ఎందుకే ఇవన్నీ?"

"ఇల్లు పోతే సామాన్లు వాటంతటవి నడిచిరావుగా" అనేది. పెట్టెల వరస నాన్న మంచం దాకా వచ్చింది.

ఏడో నెలలో రెండో లెక్క వచ్చింది. ఈసారి మా ఊరి పేరు పెద్దక్షరాల్లో, అధ్యక్షుడి మాటలోనే ఉంది. 'మా పటంలో అందరికంటే వేగంగా ఎదుగుతున్న ఊరు. మూడు నెలల్లో నూటికి నూరు శాతం పెరుగుదల.' బ్రాకెట్లో '2'.

మావయ్య నోరు తెరిచాడు. "నాలాంటివాడు ఇంకొకడున్నాడన్నమాట ఊళ్ళో!"

పేపరు వెనకనుంచి నాన్న గొంతు వచ్చింది. "నిజమైన కస్టమరేమో. అన్నీ నీలాంటివేనా?"

"నిజమైనవాడా?"

"లెక్క చూడు. మొన్నటిదాకా మన ఊరి ఆర్డర్లు నూటికి నూరూ అబద్ధం. ఇప్పుడు సగం నిజం. ఇంకో మూడు నెలల్లో ముప్పాతిక నిజం. ఇదేరా ఎదుగుదలంటే. సోమవారం డబ్బు కట్టేస్తున్నా. నెలాఖరుకి అమ్మేసి ఇల్లు కొంటా, మిగిలినదాంతో నీకు రెండు పళ్ళు కొంటా."

అమ్మ నడవలోకెళ్ళి ఒక పెట్టెలో గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు ఇంట్లో ప్రతి గదికీ వినిపించేలా సర్దింది.

ఆ మధ్యలోనే మావయ్యకి బంగారు అంచున్న ఒక కార్డు వచ్చింది. ఇంత వేగంగా ఎదుగుతున్న ఊళ్ళో బ్రాంచి లేకపోతే ఎలా అని కంపెనీ మా ఊళ్ళో ఆఫీసు తెరుస్తోంది. శనివారం ఉదయం పది గంటలకి. 'మా విలువైన కస్టమరుగా మీరే ముఖ్య అతిథి.'

"బావా, నువ్వూ రా. నిజమైన కస్టమర్ని చూద్దువుగాని" అని పిలిచాడు మావయ్య.

నాన్న మోకాలు పట్టుకున్నాడు. "శనివారం నాకు కుదరదురా. నొప్పి."

"శనివారం నొప్పొస్తుందని ఇవాళే తెలిసిందా?"

"వాతావరణం బట్టి తెలుస్తుంది. నీ పళ్ళకి తెలీదేమో, నా ఎముకలకి తెలుస్తుంది."

నేనూ మావయ్యా వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బజారులో కొత్త రంగు వాసనతో ఒక గది, గుమ్మానికి అడ్డంగా రిబ్బను, పూలగుత్తులు. ఆఫీసులో మేనేజరు కుర్చీలో టైబాబు, ప్రమోషన్ వచ్చింది. పెద్ద ఆఫీసు నుంచి ఒక డైరెక్టరు గారొచ్చారు. వేదిక మీద రెండు పెద్ద కుర్చీలు, వాటి వెనక ఒకే బ్యానరు: 'మా కస్టమర్లే మా బలం.' మావయ్యని ఎడమ కుర్చీలో కూర్చోబెట్టారు. కుడి కుర్చీ ఖాళీ.

పదీ పదికి జనాన్ని తోసుకుంటూ, ఇస్త్రీ ప్యాంటులో, జుట్టుకి నూనె పెట్టి, మోకాలు ఏమాత్రం కుంటకుండా మా నాన్న వేదికెక్కాడు.

మెట్టు మీద కాలు పెట్టాక మావయ్యని చూశాడు. ఎడమ కుర్చీలో తన బావమరిదే ఉంటాడని ఆయనకి తెలియదనుకోవడానికి లేదు. తెలుసు. మావయ్యకి కార్డొచ్చిందనీ తెలుసు. అయినా తన కార్డు మీద 'ముఖ్య అతిథి' అని ఉంది మరి. జీవితంలో ఆయన్ని ఎవరూ ముఖ్య అతిథిగా పిలవలేదు.

"మోకాలెలా ఉంది బావా?" అన్నాడు మావయ్య, ముందుకు చూస్తూనే.

"లిఫ్టు అందుకేగా" అన్నాడు నాన్న, ఆయనా ముందుకు చూస్తూనే.

టైబాబు మైకు అందుకున్నాడు. ఎడమ పక్కనున్నాయనది ఎన్ని అంతస్తులైనా కట్టగల ప్రాజెక్టనీ, కుడి పక్కనున్నాయనది సొంత ఇంటి మీద మూడంతస్తుల భవనమనీ చెప్పాడు. సొంత ఇల్లు అన్నప్పుడు నాన్న కాలరు సవరించుకున్నాడు. డైరెక్టరు గారు ఇద్దరికీ దండలేసి, "మన ఆరువేల తొమ్మిదొందల కుటుంబంలో ఈ ఊరివాళ్ళు ఇద్దరు. ఇద్దరే కావచ్చు, కానీ నూరు శాతం!" అన్నారు. చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది పళ్ళ సెట్టు బాగా కుదిరిన ఒక ముసలావిడ. టైబాబు వాళ్ళమ్మ.

దండలతోనే ముగ్గురం ఇంటికి నడిచాం. సగం దారి దాటాక నాన్నే మొదలుపెట్టాడు.

"నీ మాట నిజమో కాదో చూద్దామని ఇచ్చాన్రా. నాలాంటి నిఖార్సైన మనిషిని అడ్వాన్సు అడుగుతారనుకున్నా. అడగలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు గెలిచినట్టవుతుందని."

"ఊఁ."

"అయినా ఆరువేల తొమ్మిదొందల్లో మనం ఇద్దరమేరా. మిగతావాళ్ళంతా నిజంగా కట్టుకునేవాళ్ళే కావచ్చు."

"కావచ్చు బావా. నేను కాదనట్లేదు. నాకు తెలిసింది ఈ ఒక్క ఊరే. ఇక్కడ లెక్క మనిద్దరం." కొంతదూరం నడిచి, మావయ్య మామూలుగా అడిగాడు. "ఫారంలో ఇల్లెవరిదని రాశావు?"

"నాదేనని."

"చూసొచ్చే రాశారా?"

నాన్న ఆగిపోయాడు. రోడ్డు మధ్యలో, మెడలో బంతిపూల దండతో ఆగిపోయాడు. వెనకనుంచి రిక్షావాడు గంట కొట్టాడు.

నీటి మీటర్ల ఆఫీసులో ముప్పైమూడేళ్ళు నాన్న ఒకే ఒక్క పాపం మీద యుద్ధం చేశాడు. కొందరు రీడర్లు ఇంటింటికీ తిరగకుండా టీ కొట్టు దగ్గర కూర్చుని, మీటరు మొహం చూడకుండా అంకె వేసేసేవాళ్ళు. అంకెలు తెచ్చిన ప్రతి రీడరునీ 'చూసొచ్చే రాశారా?' అని అడిగేవాడు. అలాంటివాళ్ళని పట్టుకోవడానికి ఆయన ఎండలో వీధులన్నీ తిరిగేవాడు. ఎనిమిదిమందిని సస్పెండు చేయించాడు. వాళ్ళలో ఒకడు స్వయానా మా పెద్దనాన్న అల్లుడు. ఆ గొడవతో రెండిళ్ళ మధ్య రాకపోకలు పదేళ్ళు ఆగిపోయాయి, అయినా నాన్న వెనక్కి తగ్గలేదు. ఇప్పుడాయన సంతకంతో ఒక అబద్ధపు రీడింగు దేశపటం మీద ఎర్రచుక్కై కూర్చుంది.

"లేని ఇల్లు నాదని రాశాన్రా" అన్నాడు.

"రద్దు కూడా కాదు బావా. బిగించాకే అవుద్దట. నేనడిగా."

"మరెలా?"

మావయ్య కాసేపు ఆలోచించినట్టు నటించాడు. నటనేనని నాకు తెలుసు, ఎందుకంటే రెండు పళ్ళ ఖాళీ అప్పుడే కనిపించింది.

"ఉన్న దారి ఒక్కటే. ఇల్లు కొనెయ్. అప్పుడు నువ్వు రాసింది నిజమైపోతుంది. మూడంతస్తులంటావా, అది ఉద్దేశం. ఉద్దేశం మీద ఎవడూ కేసు పెట్టడు."

ఇంత అడ్డగోలు తర్కాన్ని నాన్న మామూలు రోజుల్లో అయితే చీల్చి చెండాడేవాడు. ఆ రోజు మాత్రం తల ఊపి, వేగంగా నడిచాడు. ఇంటికెళ్ళి, దండ తియ్యకుండానే ఇంటాయనకి ఫోన్ చేశాడు. అమ్మ పెట్టెల మధ్యలో నిలబడి, "ఆ దండేమిటండీ?" అనడిగింది. "తర్వాత చెబుతా" అన్నాడు. ఎప్పుడూ చెప్పలేదు. మావయ్యే చెప్పాడు, మూడుసార్లు, ప్రతిసారీ కొంచెం కలిపి.

గడువుకి పదకొండు రోజుల ముందు రిజిస్ట్రేషన్ అయింది. ఇల్లు అమ్మ పేరున రాయిద్దామని ముందు అనుకున్నారు గానీ, నాన్న ఒప్పుకోలేదు. ఫారంలో 'నాది' అని ఉందట, అమ్మ పేరున రాస్తే మళ్ళీ అబద్ధమవుతుందట. సాక్షిగా మావయ్య సంతకం చేశాడు. నాన్న సంతకం పెట్టే ముందు కలం గాల్లో ఆపి, "ఇవాళ్టి షేరు ధర తెలుసా నీకు?" అన్నాడు. "తెలీదు బావా, చెప్పు" అన్నాడు మావయ్య. చెప్పాడు. కొత్త బ్రాంచీల కబురుతో ఇంకా పెరిగింది. చెప్పి, పళ్ళ బిగువున సంతకం పెట్టాడు.

ఆ కంపెనీ ఏమైందో కూడా చెప్పాలి. ఏడాదిలో షేరు రెండింతలైంది. నాన్న ఆ ఏడాదంతా మావయ్యని బతకనివ్వలేదు. ఆ మరుసటేడు కంపెనీ తన చేతిలోని ఆర్డర్లని 'మరోసారి పరిశీలించి' ఎనిమిదివేల చిల్లరని పద్దెనిమిదొందలు చేసింది. షేరు పడిపోయింది. మా ఊరి బ్రాంచి మూతపడింది. టైబాబు బీమా కంపెనీలో చేరాడు. మధ్యలో మంచి ధరకి అమ్ముకున్నవాళ్ళు లాభపడ్డారు, అదీ నిజమే. నాన్న ఆ వార్తున్న పేపరు మడిచి బీరువా మీద పెట్టాడు. మావయ్యకి చూపించలేదు. మావయ్యా అడగలేదు. ఆయన చదివేశాడని మా అందరికీ తెలుసు.

రిజిస్ట్రేషన్ అయిన రోజు మధ్యాహ్నం మేం నలుగురం ఇంటికొచ్చాం. అమ్మ చెప్పులైనా విప్పకుండా ముందు గది గోడకెదురుగా నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో ఇంటాయన మమ్మల్ని గోడకి ఒక్క మేకు కొట్టనివ్వలేదు. అద్దం కిటికీలో ఆనించి ఉండేది. క్యాలెండరు తలుపు గొళ్ళేనికి వేలాడేది, తలుపు తీసినప్పుడల్లా నెలలు ఊగేవి. అమ్మ కొంగు ముడి విప్పి గుప్పెడు మేకులు తీసింది. ఎప్పుడు కొన్నదో మాకెవరికీ తెలియదు.

"కొట్టరా" అంది తమ్ముడితో.

"ఎక్కడక్కా?"

"ఇక్కడ."

మావయ్య తన సంచిలోంచి చిన్న సుత్తి తీసి కొట్టాడు. "ఏం తగిలిస్తావు?"

"ఇంకా అనుకోలేదు. పక్కన ఇంకోటి కొట్టు."

"గోడ పాడైపోతుందే!" అన్నాడు నాన్న.

"కాగితం మీద ఇల్లు మీది" అంది అమ్మ, గోడ మీదనుంచి కళ్ళు తిప్పకుండా. "గోడలు నావి. ఇంకోటి కొట్టరా."

నాలుగోది వంకర పోయింది. నాన్న వచ్చి మావయ్య చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. "మైనం గుచ్చుకునేవాడికి మేకులేం తెలుసు, జరుగు" అని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అమ్మ వేలు పెట్టి చూపించిన చోటల్లా కొడుతూ పోయాడు.